అత్తయ్యకు మాట్లాడే తోడు ఏమైపోయింది?

ప్రశ్న: మా మేనత్తకు 82 ఏళ్ళు. పిల్లలు లేరు. నన్ను పెంచింది ఆమే. ఐదేళ్ళ క్రితం తుంటి ఎముక విరిగాక ఒంటరిగా ఉండలేక ఒక కేర్ హోమ్‌లో చేరింది. అప్పటికి ఆ హోమ్ తెరిచి ఏడాదే అయింది. హాల్లో ఎప్పుడూ సందడిగా ఉండేది. పేకాట ఆడేవాళ్ళు, పేపరు పైకి చదివి వినిపించేవాళ్ళు. అత్తయ్యకు అక్కడ ముగ్గురు స్నేహితురాళ్ళు దొరికారు. ఇప్పుడు అదే హాల్లో సగం మంది వీల్‌ఛైర్లలో తల వాల్చి ఉంటున్నారు. కొందరికి తామెక్కడున్నారో కూడా తెలియదు. కొందరు వచ్చి నెల తిరక్కుండానే వెళ్ళిపోతున్నారు. మొదట్లో మగవాళ్ళు ఒకరిద్దరే, ఇప్పుడు చాలామంది. పక్క గదిలోకి నలభై ఐదేళ్ళ మనిషి కూడా వచ్చాడు. అత్తయ్య గదిలోంచి బయటికి రావడం మానేసింది. ఏమంటే “ఎవరితో మాట్లాడనే?” అంటుంది. మేనేజరును అడిగితే “ఏమీ మారలేదండీ, అప్పుడూ నలభైమందే, ఇప్పుడూ నలభైమందే” అన్నాడు. ఈ మధ్య కొత్తగా తెరిచిన ఇంకో హోమ్ చూశాను. అక్కడ అందరూ కళకళలాడుతూ ఉన్నారు. అత్తయ్యను అక్కడికి మార్చమంటారా? ఆమెను ఇలాంటి చోట పెట్టి తప్పు చేశానా?

సమాధానం:

అమ్మా, మీ చివరి మాటకు ముందు జవాబు చెబుతాను. మీరు తప్పు చేయలేదు. ఐదేళ్ళ క్రితం హాల్లో మీరు చూసింది నిజం, ఇప్పుడు చూస్తున్నదీ నిజమే. మేనేజరు చెప్పిన లెక్కలోనూ అబద్ధం లేదు. ఆ నలభైమంది ఎవరన్నది మాత్రం ఆయన చెప్పలేదు, మీరు అడిగిందేమో అదే.

నేను పదహారేళ్ళు ఇటువంటి హోమ్‌లోనే నర్సుగా పనిచేశాను. (నర్సింగ్ హోమ్ అనే మాటకు మన భాషలో చిన్న ఆసుపత్రి అన్న అర్థం స్థిరపడిపోయింది కాబట్టి, మీలాగే నేనూ కేర్ హోమ్ అనే అంటాను.) మీరు అడిగిన ప్రశ్న చాలామంది కుటుంబసభ్యుల మనసులో ఉంటుంది. నోటితో అడిగేవాళ్ళు తక్కువ. “ఇక్కడ అందరూ ఒకేసారి ముసలివాళ్ళయిపోయారేంటి?” అని ఒకావిడ నన్ను అడిగింది. అలా అనిపిస్తుంది కానీ, జరిగేది అది కాదు. అప్పటివాళ్ళు ముసలివాళ్ళవడం కంటే, అప్పటివాళ్ళు వెళ్ళిపోయి వాళ్ళ స్థానంలో వేరేవాళ్ళు రావడమే ఎక్కువ.

ఒక దూరప్రయాణం బస్సు ఊహించుకోండి. ఏ క్షణాన లోపలికి తొంగిచూసినా సీట్లలో ఎక్కువమంది చివరి స్టాపు దాకా వెళ్ళేవాళ్ళే కనిపిస్తారు. కానీ డోరు దగ్గర నిలబడి ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ లెక్కపెడితే, నాలుగు స్టాపుల కోసం ఎక్కినవాళ్ళే ఎన్నో రెట్లు తేలతారు. కేర్ హోమ్ అచ్చం ఇలాగే ఉంటుంది. మీ హోమ్‌లో నలభై మంచాలంటున్నారు కదా. ఉదాహరణకు ముప్ఫై మంచాల్లో సగటున మూడేళ్ళు ఉండేవాళ్ళు ఉన్నారనుకుందాం. మిగతా పది మంచాల్లో ఆపరేషన్ తర్వాతో, పక్షవాతం వచ్చాకో ఫిజియోథెరపీ కోసం రెండు నెలలు ఉండి వెళ్ళేవాళ్ళు. మొదటి రకంలో ఏడాదికి పదిమంది కొత్తగా వస్తారు. రెండో రకంలో అరవైమంది! ఏ రోజు వెళ్ళి చూసినా నలభైలో ముప్ఫైమంది పాతవాళ్ళే. కానీ ఏడాదిలో గుమ్మం దాటి వచ్చిన డెబ్బైమందిలో అరవైమంది రెండు నెలల్లో కనిపించకుండా పోతారు.

మీరు ఆదివారం వెళ్ళి ఒక గంట కూర్చుని వస్తారు. అత్తయ్య ఏడాది పొడుగునా ఆ గుమ్మం చూస్తూ ఉంటుంది. డెబ్బై కొత్త ముఖాలు, డెబ్బై పేర్లు. ఆమె గదిలోంచి బయటికి రావడం మానేసిందని రాశారు. ఎనభై దాటిన మనిషి పేరు నేర్చుకునేలోగా ఆ పేరు గలవాళ్ళు వెళ్ళిపోతుంటే, కొన్నాళ్ళకు నేర్చుకోవడం మానేస్తుంది. దాన్ని డిప్రెషన్ అని మందు రాసే ముందు ఈ సంగతి కూడా ఆలోచించాలి. డాక్టరుకు చూపించవద్దని కాదు, తప్పకుండా చూపించండి. వినికిడి కూడా పరీక్ష చేయించండి. మాట సరిగ్గా వినిపించక మాటలు మానేసినవాళ్ళను నేను ఎంతోమందిని చూశాను.

ఈ మార్పు మీ హోమ్ ఒక్కదానిదే కాదు. మీ మేనేజరు అన్న మాట ఒక దేశం మొత్తానికి కూడా సరిపోతుంది. ఇంగ్లండ్, వేల్స్ జనాభా లెక్కల్లో 65 దాటి కేర్ హోముల్లో ఉన్నవాళ్ళు 2001లో సుమారు 2,90,000. 2011లో 2,91,000. పదేళ్ళలో ఏమీ మారనట్టే ఉంది కదా. కానీ ఆ పదేళ్ళలో 65 దాటినవాళ్ళ జనాభా 11 శాతం పెరిగింది. అంటే అంతకుముందైతే హోమ్‌లో చేరి ఉండే అవసరం ఉన్నవాళ్ళలో చాలామంది ఈసారి ఇంట్లోనే ఉండిపోయారు. హోములకు వచ్చినవాళ్ళలో 85 దాటినవాళ్ళ వాటా పెరిగింది. ఇంకో విశేషం, హోముల్లో ఆడవాళ్ళ సంఖ్య 4 శాతం తగ్గితే మగవాళ్ళ సంఖ్య 15 శాతం పెరిగింది. 2001లో ఒక మగవాడికి 3.3 మంది ఆడవాళ్ళు ఉంటే 2011కి అది 2.8కి దిగింది. మగవాళ్ళు మునుపటికంటే ఎక్కువకాలం బతుకుతున్నారు. భర్త బతికి ఉంటే భార్యకు ఇంట్లోనే ఒక తోడు ఉన్నట్టు, ఆమె హోమ్‌కు రావడం ఆలస్యమవుతుంది. అతనేమో ముదిరిన వయసు జబ్బులు వచ్చేదాకా బతుకుతాడు, భార్య ఒక్కతే చూసుకోలేని స్థితిలో హోమ్‌కు వస్తాడు. మీ అత్తయ్య హాల్లో మగవాళ్ళు పెరగడం వెనక ఇటువంటి సంసారాల కథే ఉండవచ్చు.

ఇక ఆ వీల్‌ఛైర్ల సంగతి. హోమ్‌లోకి ఎవరు రావాలో నిర్ణయించేది వయసు ఒక్కటే కాదు. బయట ఏ సాయం దొరుకుతుంది, ఖర్చు ఎవరు భరిస్తారు, ఆసుపత్రి ఎప్పుడు పంపేస్తుంది అన్నవి కూడా. జపాన్‌లో ప్రభుత్వ సాయంతో నడిచే ప్రత్యేక వృద్ధ సంరక్షణ గృహాల్లో 2015 ఏప్రిల్ నుంచి, మినహాయింపులు పోను, సంరక్షణ అవసరాన్ని ఐదు స్థాయిలుగా లెక్కగట్టి, మూడో స్థాయిలోనో ఆ పైనో ఉన్నవాళ్ళనే కొత్తగా చేర్చుకుంటున్నారు. నెదర్లాండ్స్‌లో 2015 సంస్కరణల నాటికే, కాస్త సాయం ఉంటే చాలనుకునేవాళ్ళు ఉండే పాత తరహా వృద్ధాశ్రమాలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. వాళ్ళు ఇంటిదగ్గరే ఉండాలి, బరువైన సేవ కావలసినవాళ్ళకే హోమ్. అమెరికాలో ఈ మలుపు ఇంకా ముందే, ఆసుపత్రి వైపు నుంచి వచ్చింది. 1983లో అక్కడి మెడికేర్, అంటే ముఖ్యంగా పెద్దవయసువాళ్ళకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా, పద్ధతి మారి, రోగి ఎన్ని రోజులున్నాడన్నదానితో సంబంధం లేకుండా జబ్బును బట్టి ఆసుపత్రికి ఒక మొత్తం చెల్లించడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి పూర్తిగా కోలుకోకుండానే డిశ్చార్జి అయినవాళ్ళు నేరుగా హోములకు రావడం మొదలైంది. 2016 నాటికి అక్కడి హోముల్లో ఒక రోజు లెక్క తీస్తే నూటికి 43 మంది చేరి వంద రోజులు కూడా కానివాళ్ళే. దాదాపు సగం మందికి డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు ఉంది.

అంటే ఐదేళ్ళ క్రితం మీ అత్తయ్య ఎలా ఉండేదో, ఆ స్థితిలో ఉన్నవాళ్ళలో చాలామంది ఇప్పుడు కేర్ హోమ్ దాకా రావడం లేదు. ఆ పేకాట ఆడేవాళ్ళు, పేపరు చదివేవాళ్ళు లోకంలో లేకుండా పోలేదు. పగలు రెండు గంటలు వచ్చి పోయే మనిషి సాయంతో తమ ఇళ్ళలో ఉన్నారు. లేదా సొంత గది, భోజనం, అవసరానికి పిలిస్తే వచ్చే మనిషి ఉండే నివాసాల్లో ఉన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

పక్క గదిలోని నలభై ఐదేళ్ళ ఆయన గురించి ఒక్క మాట. అమెరికా హోముల్లో 2004లో నూటికి 12 మంది కూడా లేని 65 లోపువాళ్ళు, 2016కి 16 మంది దాటారు. తలకు దెబ్బ తగిలినవాళ్ళు, నడి వయసులోనే పక్షవాతం వచ్చినవాళ్ళు, నరాల జబ్బులున్నవాళ్ళు, ఇంటి దగ్గర చూసేవాళ్ళు లేని మానసిక రోగులు. వాళ్ళకు సరిపడే చోటు వేరే ఉండాలి. లేదు కాబట్టి ఇక్కడికి వస్తారు. ఆయన రాకను చూసి హోమ్ దిగజారిందనుకోకండి. కోపం తెచ్చుకోవలసింది ఆయన మీద అసలే కాదు. నేను చూసిన ఒక కుర్రాడు మా హోమ్‌లో రెండేళ్ళు ఉన్నాడు. రాత్రి ఎనిమిదింటికే లైట్లు ఆపేస్తే అతనికి నిద్ర పట్టేది కాదు. అతని కోసం హాల్లో ఒక మూల దీపం వేసి ఉంచమని మూడు నెలలు అడిగి సాధించాం. ఆ దీపం దగ్గరికి నిద్రపట్టని ముసలమ్మలు ఇద్దరు చేరారు. అత్తయ్య పక్క గదాయనతో ఒకసారి మాట్లాడి చూడమనండి. మతి నిలకడగా ఉండి, కబుర్లకు ముఖం వాచి ఉన్న మనిషి ఆయనే కావచ్చు.

ఇప్పుడు మీరు రాయని ఒక సంగతి. ఆ ముగ్గురు స్నేహితురాళ్ళు ఏమయ్యారు?

మీరు ఉత్తరంలో వాళ్ళ ప్రస్తావన తెచ్చి, మళ్ళీ వాళ్ళ మాటే ఎత్తలేదు. బహుశా వాళ్ళు పోయి ఉంటారు. చివరి రోజులు హోముల్లో గడిపినవాళ్ళ మీద అమెరికాలో 2010లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్ళలో సగం మంది అక్కడ ఉన్నది ఐదు నెలలు, అంతకంటే తక్కువ. సగటు మాత్రం దాదాపు 14 నెలలు. ఏళ్ళ తరబడి ఉండే కొద్దిమంది ఆ సగటును అంత పైకి లాగారు. మీ అత్తయ్య ఆ కొద్దిమందిలో ఒకరు. ఐదేళ్ళు! తుంటి విరిగి వచ్చిన మనిషి తట్టుకుని నిలబడింది. కానీ నిలబడినందుకు, తనతో వచ్చినవాళ్ళందరినీ ఒక్కొక్కరుగా సాగనంపవలసి వచ్చింది. ఎంతమందిని పోగొట్టుకుందో ఆమెను ఎవరైనా అడిగారా?

ఇది రాస్తుంటే నాకు బాధగానే ఉంది, ఎందుకంటే ఈ విషయంలో నేను చేసిన తప్పు ఉంది. ఎవరైనా పోతే మిగతావాళ్ళు బెంగపడతారని మేము చెప్పేవాళ్ళం కాదు. “ఆవిడ ఏరీ?” అంటే “వాళ్ళబ్బాయి వచ్చి తీసుకెళ్ళాడమ్మా” అనేవాళ్ళం. రెండు రోజుల్లో ఆ మంచం మీద కొత్త దుప్పటి, కొత్త మనిషి. ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, “నన్నూ అలాగే మా అబ్బాయి తీసుకెళ్ళాడని చెబుతావా? నాకు అబ్బాయి లేడుగా” అంది. ఆ రోజు నుంచి నేను ఆ అబద్ధం మానేశాను. మా హోమ్‌లో ఎవరైనా పోతే సాయంత్రం హాల్లో వాళ్ళ పేరు చెప్పి, వాళ్ళ గురించి తెలిసినవాళ్ళు నాలుగు మాటలు చెప్పుకునే అలవాటు పెట్టించాం. ఏడ్చేవాళ్ళు. మర్నాడు భోజనానికి మాత్రం వచ్చేవాళ్ళు.

కాబట్టి మీరు ముందు చేయవలసింది ఆ ముగ్గురి పేర్లు ఎత్తి అత్తయ్య చేత మాట్లాడించడం. హోమ్ మార్చాలా వద్దా అన్నది ఆ తర్వాత.

ఇక కొత్త హోమ్. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం “అప్పటికి ఆ హోమ్ తెరిచి ఏడాదే” అన్నది. కొత్తగా తెరిచిన హోమ్‌లో అందరూ కొత్తవాళ్ళే. మూడేళ్ళుగా అక్కడే ఉండి నీరసించినవాళ్ళు ఒక్కరు కూడా ఉండే అవకాశం లేదు. పైగా మొదట్లో పనివాళ్ళు తక్కువ, అనుభవం తక్కువ కాబట్టి నడవగలిగినవాళ్ళనే ఏరి చేర్చుకోవడం నేను చూశాను. మీకు అక్కడ కనిపించిన కళ, ఐదేళ్ళ క్రితం ఇక్కడ కనిపించిన కళ ఒకటే. అక్కడా మంచాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి, బయటి నుంచి వచ్చేవాళ్ళు ఇప్పటి రోజుల్లో వచ్చే స్థితిలోనే వస్తారు. మూడు నాలుగేళ్ళకు ఆ హాలు ఈ హాలులాగే ఉంటుంది. అప్పటికి అత్తయ్యకు 86. మళ్ళీ మారుస్తారా? మారడమంటే ఆమెకు కొత్త మంచం, కొత్త బాత్రూమ్, రాత్రిపూట లేచి ఎటు నడవాలో తెలియని చీకటి. ఒకసారి తుంటి విరిగిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

అయితే ఉన్నచోటే ఉంచేయండని కూడా అనను. వచ్చేవాళ్ళు మారిపోవడం హోమ్ తప్పు కాదు. మారినవాళ్ళకు తగ్గట్టు హోమ్ మారకపోవడం తప్పే. ఇది తేల్చుకోవడానికి మేనేజరును “ఏమైనా మారిందా” అని అడిగితే లాభం లేదు, ఆయన మళ్ళీ నలభై అంటాడు. పోయిన ఏడాది కొత్తగా ఎంతమంది చేరారు, ఎంతమంది వెళ్ళారు, వెళ్ళినవాళ్ళలో ఇంటికెళ్ళింది ఎంతమంది, ఆసుపత్రికెళ్ళి తిరిగి రానిది ఎంతమంది, ఇక్కడే పోయింది ఎంతమంది అని అడగండి. ఇద్దరు పట్టుకుంటే తప్ప మంచం దిగలేనివాళ్ళు ఐదేళ్ళ క్రితం ఎందరు, ఇప్పుడు ఎందరు అని అడగండి. రాత్రి షిఫ్టులో అప్పుడెందరు పనిచేసేవాళ్ళు, ఇప్పుడెందరు అన్నది అన్నిటికంటే ముఖ్యం. మంచం దిగలేనివాళ్ళు రెట్టింపై రాత్రి మనుషులు అంతే ఉన్నారంటే, ఆ తేడాను ఎవరో ఒకరు మోస్తున్నారు. ఎక్కువగా మోసేది మీ అత్తయ్యలా గొడవ చేయని మనుషులే. ఆయాల దృష్టి అంతా లేవలేనివాళ్ళ మీదకు పోతుంది, తన పని తాను చేసుకునే మనిషిని పలకరించే తీరిక ఎవరికీ ఉండదు. ఇందులో ఆయాల తప్పు వెతకకండి. ఆ పని ఎంత బరువో నా నడుముకు తెలుసు.

ఒకటి అయితే పట్టుబట్టి చేయించండి. అత్తయ్య స్థితిని చివరిసారి పద్ధతి ప్రకారం అంచనా వేసింది ఎప్పుడో కనుక్కోండి. అమెరికాలో 1987లో వచ్చిన చట్టం వల్ల, హోమ్‌లో చేరిన రెండు వారాల్లోపు ఒక పూర్తి పరీక్ష, ఆ తర్వాత ప్రతి మూడు నెలలకూ ఒక చిన్న పరీక్ష, ఏడాదికోసారి మళ్ళీ పూర్తి పరీక్ష, స్థితిలో పెద్ద మార్పు వస్తే అది గుర్తించిన రెండు వారాల్లోపు ఇంకొకటి చేయాలి. నడక, స్నానం, తిండి, మతి, మనసు, నొప్పి అన్నీ అందులో రాస్తారు. మీరున్నచోట అలాంటి నియమం ఉన్నా లేకపోయినా అడిగి చేయించుకోవచ్చు. ఐదేళ్ళ క్రితం తుంటి విరిగి వచ్చినప్పుడు రాసిన కాగితమే ఇంకా ఆమె ఫైల్లో పైన ఉంటే, అందరూ ఆమెను ఆ కాగితం ప్రకారమే చూస్తుంటారు.

ఆ పరీక్షలో ఆమె తన పనులు చాలావరకు తానే చేసుకోగలదని తేలితే, ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట అప్పుడు పనికొస్తుంది. ఆమెకు తోడు దొరికేది ఇంకో కేర్ హోమ్‌లో కాకపోవచ్చు. ఇప్పుడు అలాంటివాళ్ళు ఉంటున్న చోట, అంటే తక్కువ సాయంతో నడిచే నివాసాల్లో కావచ్చు. అక్కడ చేరే ముందు ఒకటి మాత్రం కాగితం మీద రాయించుకోండి. రేపు ఆమెకు సేవ ఎక్కువ అవసరమైతే అక్కడే ఉండనిస్తారా, ఎంతవరకు ఉండనిస్తారు? కొన్ని చోట్ల మంచం పట్టగానే వేరే చోటు చూసుకోమంటారు. ఆ మాట ఆ రోజు వినడం కంటే ఇప్పుడే వినడం నయం.

పరీక్షలో ఆమెకు సేవ బాగా అవసరమని తేలితే, రాత్రి మనుషుల లెక్క కూడా సరిగ్గానే ఉంటే, నేను ఉన్నచోటే ఉంచుతాను. ఉంచి, ఆ నలభైమందిలో ఇద్దరిని వెతుకుతాను. నలభైమందితో స్నేహం ఎవరికీ అక్కర్లేదు, మొదట్లోనూ ఆమెకు దొరికింది ముగ్గురే కదా. భోజనాల దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది హోముల్లో ఎప్పుడో వేసిన వరసలోనే నడుస్తుంటుంది. ఆ వరస మార్చమని ఇన్‌ఛార్జిని అడగండి. ఏళ్ళ తరబడి ఉండబోయేవాళ్ళు ఎవరో ఆయాలకు బాగా తెలుసు, వాళ్ళ దగ్గర అత్తయ్యకు చోటిప్పించండి. డిమెన్షియా ఉన్నవాళ్ళందరినీ మాటలకు పనికిరానివాళ్ళ కింద లెక్కవేయకండి. పొద్దుటి సంగతి గుర్తులేని మనిషి తన పెళ్ళినాటి సంగతులు పూసగుచ్చినట్టు చెప్పడం నాకు ఎన్నోసార్లు అనుభవం. అత్తయ్యకు వినే ఓపిక ఉంటే, అదీ ఒక తోడే.

ఇవన్నీ అడగడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా ఒక రోజు, మీరు మామూలుగా వెళ్ళే వేళలో కాకుండా, రాత్రి భోజనాలయ్యాక వెళ్ళండి. ఆ వేళకు చూడటానికి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయి ఉంటారు, హోమ్ అసలు ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. హాల్లో కాసేపు కూర్చుని, తర్వాత అత్తయ్య గదికి వెళ్ళి, కొత్త హోమ్ సంగతి ఆమెకు చెప్పండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మార్చాలా అని మీరు నన్ను అడిగారు, మేనేజరుతో మాట్లాడారు. ఆమెను అడిగినట్టు మాత్రం ఎక్కడా లేదు.